హుస్సేన్‌బీ గారి జెముడు కంచె

జెముడు చెట్లు చూడటానికి కృష్ణా డెల్టాకు వెళ్లిన మనిషి నాకంటే ముందు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. ఉంటే ఒకసారి కలవాలని ఉంది. ఆయనకైనా ఏమైనా అర్థమైందేమో అడగొచ్చు. నేను తిరిగొచ్చి నెల దాటింది. ఎడమ కన్ను ఎండ చూస్తే ఇప్పటికీ నీళ్లు కారుస్తోంది గానీ అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

బయలుదేరే ముందే తికమక

మాది కదిరి. రాళ్లకూ జెముళ్లకూ మాకు కొదవ లేదు. చాలా ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. చిన్న వస్తువుల్ని పెద్దగా చూపించే లెన్సు ఒకటి కొన్నాను, పెళ్లికూతుళ్ల ముక్కుపుడకలు తీయొచ్చని. ముక్కుపుడకలు కొన్నాళ్లు తీశాను. పెళ్లిళ్లు లేని రోజుల్లో చెయ్యి ఊరుకోక, స్టూడియో వెనకున్న బొంతజెముడు మీద వాలే ఈగల్ని తీయడం మొదలుపెట్టాను. అంతే, ముక్కుపుడకలు మరిచిపోయాను.

జెముడు పువ్వును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నేను యాభై ఏళ్లు దాని పక్కనే బతికి ఎప్పుడూ చూడలేదు. చలి వెళ్లిపోయే రోజుల్లో ముళ్ల అంచుల వెంట పసుపుపచ్చటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్కా ఒక పువ్వనుకున్నాను. కాదట. మా ఊళ్లో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడొకడు ఫొటో చూసి, అది చిన్న గిన్నె అనీ, లోపల బోలెడు మగపూలూ వాటి మధ్య ఒకే ఒక ఆడపువ్వూ ఉంటాయనీ, గిన్నె అంచున మెరుస్తున్న అయిదు పలకలూ తేనె ఊరే చోట్లనీ చెప్పాడు. అంటే మనం ఒక పువ్వనుకునేది ఒక ఉమ్మడి కుటుంబమన్నమాట. ఇంకో తిరకాసు కూడా ఉంది. పండ్లు కాసే అట్టల నాగజెముడు పేరుకే జెముడు, దాన్ని తుంచితే పాలు రావు. అసలు జెముడు వంశానికి పాలే గుర్తు. ఆ పాలు చర్మానికి తగిలితే బొబ్బలొస్తాయి, కంటికి తగిలితే కన్నే పోవచ్చు.

ఆ మిత్రుడే, "సముద్రం దగ్గర ఇసక నేలల్లో పాతకాలపు జెముడు కంచెలుంటాయి. వాటి మీద ఏ ఈగలు వాలతాయో ఎవరూ సరిగ్గా చూసినట్టు లేదు. వెళ్లి ఫొటోలు తీసుకురా" అన్నాడు. వాడు మాటవరసకు అన్నాడో నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం సంచి సర్దాను.

"జెముడు చూసేకి బందరు దాకా పోవల్లనా? తలెత్తి చూడు, మన వాకిలికే ఏలాడతాంది" అంది మా ఆవిడ. నిజమే. మా వైపు దిష్టి తగలకుండా గుమ్మానికి జెముడు కొమ్మ తలకిందులుగా కడతాం. అయినా బస్సెక్కాను.

గుడివాడ: కుండీలో చుట్టం

గుడివాడలో మొదటి ఆశ్చర్యం అల్లం పచ్చడి. ఇడ్లీ మీద వేసుకుని నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది. ఎర్రకారం తిని పెరిగినవాణ్ని, పచ్చడిలో బెల్లం ఎందుకో అర్థం కాలేదు. హోటలాయన్ని అడిగితే, "బెల్లం లేకుండా అల్లం ఎలా తింటారండీ?" అని ఆయన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. రెండో ఇడ్లీకి అలవాటైంది. నాలుగో ఇడ్లీకి అడిగి మరీ వేయించుకున్నాను.

ఊరి చివర మొక్కలమ్మే చోటుకు వెళ్లాను. నడిపేది పద్మావతి గారని, చేతులకు తొడుగులు వేసుకుని కుండీల్లో మట్టి నింపుతున్నారు. జెముడు ఉందా అని అడిగాను.

"ఇంట్లో పెట్టుకోవడానికాండీ? జెముడు ఇంట్లో పెట్టకూడదండీ, కలహాలొస్తాయి" అన్నారావిడ. "ఇదుగోండి, ఇది పట్టుకెళ్లండి. ఏడాది పొడుగునా పూస్తుంది. డాక్టర్లూ లాయర్లూ అందరూ ఇదే తీసుకెళ్తారు."

సన్నటి ముళ్ల కాడకు ఎర్రటి పూలు. చూడగానే చుట్టరికం తెలిసిపోయింది. "ఇదీ జెముడేనమ్మా" అన్నాను.

"ఛఛ, పొద్దున్నే ఆ మాటేంటండీ! ఇది యూఫోర్బియా."

యూఫోర్బియా అంటే జెముడే. మా మిత్రుడు చెబితేనే నాకు తెలిసింది. ఆవిడకు చెప్పాలా వద్దా అని నిలబడిపోయాను. చెబితే కొనేవాళ్లు ఆగిపోతారేమో, చెప్పకపోతే అబద్ధమవుతుందేమో. చివరికి వేరే సంగతి అడిగాను. "దీని మీద తేనెటీగలు వాలతాయా?"

"వాలనివ్వమండీ. మందు కొడతాం కదా" అన్నారు పద్మావతి గారు, భరోసాగా.

కుండీ నూటయాభై రూపాయలు. మా ఊళ్లో కొట్టి పారేసే మొక్క చుట్టానికి ఇక్కడ ఆ ధర, ఆపైన పురుగుమందు. కొనకుండా వచ్చేశాను. కొనాల్సిందేమో అని బస్సులో అనిపించింది.

బందరు: లడ్డు దంచే చోట

మచిలీపట్నాన్ని అక్కడెవరూ మచిలీపట్నం అనరు. బందరు అంటారు. బందరులో లడ్డు తినకుండా వస్తే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు కాబట్టి ముందు మిఠాయి కొట్టు వెతుక్కున్నాను. లోపల జిలానీ అనే యువకుడు శనగపిండి పూసను రోట్లో వేసి దంచుతున్నాడు. నేతిలో వేయించిన పూసను అలా దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచుతారట. మా వైపు లడ్డు అంటే బూందీ. ఇది నోట్లో పెడితే పళ్లతో పని లేకుండా పోయింది. మాటల్లో నేను ఎందుకొచ్చానో చెప్పాను.

జిలానీ రోకలి ఆపేశాడు. "జెముడు కోసమా? నిజంగానాండీ?"

"నిజంగానే."

"అయితే మీరు మా రెహానా అక్కావాళ్ల ఇల్లు చూడాలండీ. దివిసీమలో, నాగాయలంక దాటాక. ఇంటి చుట్టూ జెముడే. జుంటీగలు ముసురుకుని ఉంటాయి. కానీ త్వరగా వెళ్లండి. మా కరీముల్లా బావకి ఆ కంచంటే పడదు. జేసీబీ పెట్టి పీకించి గోడ కట్టిస్తానంటాడు. వాళ్లమ్మ ఒప్పుకోదు. ఏడాదిగా ఇదే గొడవ. మీరు వెళ్లేసరికి ఉంటదో లేదో!"

జుంటీగలంటే చిన్న తేనెటీగలు. పొదల్లో కొమ్మకు అరచేయంత పట్టు పెట్టుకుంటాయి. నేను వెతుకుతున్నవీ అవే. జిలానీ అక్కడే ఫోన్ చేసి, "ఒక సారొస్తున్నారు, ఫొటోలు తీసుకుంటారంట, కంచె అప్పటిదాకా ఉంచండి" అని చెప్పాడు. రెహానాకు కాన్పై మూడు నెలలే అయిందట. తమ్ముడి కానుకగా అరకిలో లడ్డు పొట్లం నా చేతిలో పెట్టాడు. నేను డబ్బులు తీస్తే, "మీరు మా అక్కకి మోసుకెళ్తున్నారు, నేనే మీకు కూలివ్వాలి" అని నవ్వాడు.

మంగినపూడి: చెప్పు కింద

దివిసీమకు మర్నాడు వెళ్దామనుకుని ఆ సాయంత్రం ఆటోలో మంగినపూడి వెళ్లాను. సముద్రపు ఒడ్డున జెముడు ఉంటుందన్న మిత్రుడి మాట అక్కడ పరీక్షిద్దామని. ఒడ్డు పొడవునా సరుగుడు చెట్లే. ఒక్క జెముడూ లేదు. ఎండు మెత్తళ్ల చేపలు అమ్ముతున్న నాగమణి అనే ఆమెను అడిగాను.

"ముళ్లచెట్టు చూడ్డానికి ఇంత దూరం వచ్చావా బాబూ? మీ ఊళ్లో సినిమా హాళ్లు లేవా?" అంది నాగమణి. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

తుంచితే పాలు కారే చెట్టమ్మా, అని వివరించాను. ఆమె వేలు చూపించింది. "పాలు కారేదంటే అదిగో, నీ చెప్పు కింద నలుగుతా ఉంది."

కాలు తీసి చూస్తే నానబాలు మొక్క. ముళ్లు లేవు, బెత్తెడు ఎత్తు కూడా లేదు. అదీ జెముడు వంశమే. "బాలింతకి పాలు చాలకపోతే ఈ ఆకు పప్పులో వేసి పెడతాం. పాలు దిగుతాయి" అంది నాగమణి. ఒకే వంశంలో ఒకదాని పాలు కన్ను పోగొడతాయి, ఇంకోదాని ఆకు తల్లికి పాలిస్తుందంటారు. ఇదెలా కుదిరిందో నాకు అంతుపట్టలేదు.

నానబాలు పూల మీద చీమంత ఈగలు తిరుగుతున్నాయి. బోర్లా పడుకుని లెన్సు పెట్టాను. ఊపిరి బిగబట్టి ఎంతసేపున్నానో, వీపు మీద చల్లగా ఏదో పడింది. నేను సొమ్మసిల్లి పడిపోయాననుకుని ఆటో డ్రైవరు గోలీసోడా తెచ్చి నా మీద కుమ్మరించాడు. నేను లేచి కూర్చుంటే, "బతికే ఉన్నాడు" అని అరిచాడు. ఈగలు వెళ్లిపోయాయి. సోడా డబ్బులు నేనే ఇచ్చాను. రాత్రి లాడ్జిలో నాగమణి దగ్గర కొన్న మెత్తళ్ల వాసన సంచి నిండా పట్టి, లడ్డు పొట్లానికి అంటుకుంటుందేమోనని భయపడ్డాను.

దివిసీమ: కంచె

చల్లపల్లి, మోపిదేవి దాటి, నదీపాయ మీదుగా దివిసీమలోకి వెళ్లాను. వరి కోసేసిన మళ్లలో మినుము ఎండిపోయి పీకడానికి సిద్ధంగా ఉంది. ఇంకా కిందికి పోయేకొద్దీ మళ్లు పోయి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. కరీముల్లా వాళ్ల ఊరి పేరు రాయవద్దని ఆ ఇంటివాళ్లు అడిగారు, కాబట్టి రాయను.

ఇల్లు కనిపించలేదు. కంచే కనిపించింది. మనిషెత్తు దాటిన బొంతజెముడు, మూడు పలకల కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, అంచుల వెంట పసుపు పూలతో. దగ్గరికెళ్తే గుయ్యిమని శబ్దం. నాకు ఒళ్లు పులకరించింది. ఆ మాట రాయడానికి సిగ్గుపడను.

కంచె సందులోంచి ఒక పెద్దావిడ బయటికొచ్చారు, తెల్ల చీర కొంగు తల మీదికి లాక్కుంటూ. కరీముల్లా తల్లి, హుస్సేన్‌బీ గారు. నాకంటే పది పన్నెండేళ్లు పెద్ద. "రండి బాబుగారూ, రండి. జిలానీ చెప్పాడు. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగండి" అన్నారు. లడ్డు పొట్లం ఆవిడకిచ్చాను. మెత్తళ్ల వాసన ఎవరూ పట్టించుకోలేదు.

"ఇది మా అత్తగారు నాటిందండీ" అన్నారు హుస్సేన్‌బీ గారు, కంచె చూపిస్తూ. "ఉప్పెన పోయాక. అప్పుడు నేను కొత్త కోడల్ని. ఇల్లు లేదు, గొడ్డు లేదు, ఏదీ మిగల్లేదు. ఎక్కడ్నుంచో ఒక జెముడు కొమ్మ తెచ్చి, పాలు ఆరేదాకా ఎండలో పడేసి, తర్వాత గుచ్చింది. అది బతికింది. మేమూ బతికాం."

కంచె లోపల ఆవిడ దోసపాదులు, కాకరపాదులు. మినుము పూత అయిపోయాక ఈగలకు తిండి ఈ జెముడు పూలేననీ, ఇవి ఉన్నంతకాలం ఈగలు ఇల్లు వదలవనీ, ఆ తర్వాత దోసపూత మీదికి దిగుతాయనీ చెప్పారు. మళ్లీ ఆవిడే, "ఈగల వల్ల కాస్తాయో, మా అత్తగారి చెయ్యి మంచిదై కాస్తాయో, అల్లాకే తెలియాలి" అన్నారు.

కరీముల్లా చెరువు దగ్గర్నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. నెమ్మదైన మనిషి. "సార్, మీకు బాగానే ఉంటది చూడ్డానికి. మాకు పాపాయి రేపో మాపో పాకుతుంది. పాకుతా పాకుతా ఇటే వస్తే? చుట్టాలు మా ఇంటికి రావాలంటే భయపడతారు. జెముడు కంచె ఉన్న ఇల్లంటే పాడుబడ్డ ఇల్లనుకుంటారు. గోడ కట్టి గేటు పెట్టుకుంటే మాదీ మనుషులుండే ఇల్లులా ఉంటది" అన్నాడు.

తల్లి చెప్పినప్పుడు తల్లికి తలూపాను. కొడుకు చెప్పినప్పుడు కొడుక్కి తలూపాను. ఇద్దరిదీ నిజమే అనిపించింది. తీర్పు చెప్పడానికి నేనెవర్ని అనుకుని కెమెరా తీశాను.

ఆ పొద్దు చూసినవి చాలు నాకు. చారల పొట్టతో జుంటీగలు, గిన్నె అంచున తేనె నాకుతుంటే పొట్ట కింద పుప్పొడి అంటుకుంటోంది. పక్క గిన్నెలో ఆడపువ్వు మెడ వంచి బయటికి వేలాడుతోంది. జుంటీగ దాన్ని రాసుకుంటూ వెళ్తోంది. పనంతా అక్కడే, ఆ రాపిడిలోనే జరుగుతోంది. వాటి వెనకే సన్నటి, ఆకుపచ్చ మెరుపున్న ఇంకో ఈగ. దాని పేరు నాకు తెలియదు. చీమలు కూడా వచ్చి తేనె తాగుతున్నాయి, పని చేయకుండా. కొమ్మల మధ్య లోపలికి అరచేయంత పట్టు. దాని ముందు ఒక చిన్న కొమ్మ అడ్డంగా ఉంది.

ఆ కొమ్మ తుంచాను.

మా ఊళ్లో మూడేళ్ల పిల్లకాయ కూడా చెయ్యని పని. జెముడు మధ్య పుట్టి, జెముడు గుమ్మానికి కట్టుకుని, దాన్ని చేత్తో తుంచి, చెమట పట్టిందని అదే చేత్తో ఎడమ కన్ను తుడుచుకున్నాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత కంట్లో నిప్పు పెట్టినట్టయింది. కెమెరా ఎక్కడ పడేశానో తెలియదు. అరిచానట. నాకు గుర్తు లేదు.

హుస్సేన్‌బీ గారు నన్ను మెడ పట్టుకుని వంచి, బిందెతో నీళ్లు కంట్లో పోశారు. ఒక బిందె, ఇంకో బిందె, ఇంకోటి. ఆపమన్నా ఆపలేదు. తర్వాత లోపలికి కేకేశారు. "రెహానా! గిన్నెలో పాలు పిండివ్వవే, త్వరగా!"

గేదె పాలు అనుకున్నాను. ఆ ఇంట్లో గేదె లేదని తర్వాత తెలిసింది. లోపలి గదిలోంచి కోడలి చెయ్యి మాత్రమే కనిపించింది, చిన్న స్టీలు గిన్నెతో. హుస్సేన్‌బీ గారు వాటిని చెంచాతో నా కంట్లో పోశారు. గోరువెచ్చగా తగిలాయి. ఎవరి పాలో అప్పుడర్థమై, సిగ్గుతో చచ్చిపోయాను. పక్కనే పాపాయి ఏడుస్తోంది. దాని వాటా నా కంట్లో పడింది మరి. జెముడు పాలు గానీ జిల్లేడు పాలు గానీ కంట్లో పడితే తల్లిపాలు పోయడం అక్కడి పద్ధతట. మా వైపూ పెద్దవాళ్లు అనగా విన్నాను గానీ, పోయించుకున్నది మొదటిసారి.

అవనిగడ్డ: మూడు వైద్యాలు

కరీముల్లా నన్ను బండి మీద అవనిగడ్డ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "ఏం పోశారు?" అంది.

"నీళ్లు" అన్నాను.

"ఇంకా?"

నేను కరీముల్లా వంక చూశాను. అతను నేల చూశాడు. డాక్టరమ్మకు అర్థమైంది. "ఇక్కడికి వచ్చేవాళ్లలో సగం మందిదీ ఇదే. ఇంకెప్పుడూ పాలు పోయకండి, చీము పడుతుంది. నీళ్లు పోశారు కాబట్టి బతికిపోయారు" అని విసుక్కుంది. నల్లగుడ్డు పైపొర గీరుకుపోయిందనీ, చుక్కల మందు వేసి కంటికి కట్టు కట్టుకుంటే మానుతుందనీ, అయినా రెండు మూడు రోజులు చూస్తే గానీ ఖాయంగా చెప్పలేననీ అంది.

ఖాయంగా చెప్పలేను అన్న మాట నాలో ఉండిపోయింది. నా అన్నం కళ్లతోనే. కానీ దారిలో కరీముల్లా అన్న మాట నన్ను అంతకంటే కలవరపెట్టింది.

"రేపు పొద్దున్నే కంచె పీకించేస్తాను సార్. అమ్మ ఏమన్నా సరే."

"తప్పు నాది కరీముల్లా. చెట్టేం చేసింది?"

"అలా అనడం మీ మంచితనం సార్."

"మంచితనం కాదయ్యా, నిజంగానే నేనే తుంచాను."

"అదే సార్, మీ మంచితనం" అన్నాడతను బండి వేగం పెంచి.

ఇక ఎంత చెప్పినా అంతే. నాదే తప్పని నేను ఒట్టేసి చెప్పేకొద్దీ అతని పట్టుదల పెరిగింది. ఇంటికొచ్చిన అతిథి నోటితో తప్పు నాదేనని అనిపించుకోవడం వాళ్లకు ఇంకా పెద్ద అవమానమైంది. జెముడునూ దాని ఈగల్నీ చూడ్డానికి మూడొందల మైళ్లు వచ్చి, వాటి పాలిట యముణ్నయ్యాను.

హుస్సేన్‌బీ గారైనా ఆపుతారనుకున్నాను. ఏడాదిగా కొడుకుతో పోట్లాడిన మనిషి. ఆవిడ నా కంటి కట్టు చూశారు. కొడుకుతో, "పీకించెయ్‌రా. మన కంచె వల్ల ఇంటికొచ్చిన మనిషికి కన్ను పోతే, ఆ కంచె లోపల కూర్చుని అన్నం ఎలా తింటాం?" అన్నారు. కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లారు.

ఆ పూట అన్నంలోకి చందువ చేప పులుసు, పప్పు. పప్పులో నానబాలు ఆకు ఉంది. రెహానా కోసం వండింది, నాకూ వడ్డించారు. నాకు ముద్ద దిగలేదు. రుచి గురించి అడిగితే బాగుందన్నాను. అది బాగుందో లేదో నిజానికి నాకు తెలియదు.

పొద్దున్నే, జేసీబీ

ఒంటి కన్నుతో వరండాలో కూర్చుని ఉండగా జేసీబీ వచ్చింది. డ్రైవరు చుట్టుపక్కల చెరువులు తవ్వే మనిషి, తొందరలో ఉన్నాడు. ఇంజను శబ్దానికి ఇల్లు అదిరింది. జుంటీగలు మాత్రం లేవలేదు. ఎండ అప్పుడే పూల మీద పడుతోంది, వాటి పనిలో అవి ఉన్నాయి. నేను వెళ్లి కంచెకు అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోండి సార్" అన్నాడు కరీముల్లా, నా భుజం పట్టుకుని, ఎంతో మర్యాదగా.

"కరీముల్లా, నీకు దండం పెడతాను. మీ అమ్మ ముఖం చూడు."

"అమ్మే పీకించమంది కదా సార్."

"నా వల్ల అంది! నేను రాకపోతే అనేది కాదు!"

"ఏంటండీ, కొట్టాలా వద్దా?" అన్నాడు డ్రైవరు పైనుంచి. "నాకవతల చెరువు పనుంది."

నాకు ఏడుపొచ్చింది. ఒక కంట్లో కట్టు కిందా, ఇంకో కంట్లో బయటికీ. నోటికేదొస్తే అదన్నాను. "మీ పాపాయి పాకుతా వచ్చి గడప తగిలి పడితే, గడప పీకించేస్తారా? చెప్పు!"

"మా పాపాయీ మీరూ ఒకటా సార్? మీరు మా అతిథి."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ హుస్సేన్‌బీ గారు మెట్లు దిగి వచ్చారు. నా కంటి కట్టు వంకా, లోపలి గది వంకా మార్చి మార్చి చూశారు. ఏదో లెక్క కుదరనట్టు ఆవిడ నుదురు ముడిపడింది. తర్వాత విడిపోయింది.

"నిన్న ఈ కంట్లో పోసినవి ఎవరి పాలు?" అని నన్నడిగారు.

"మీ కోడలివండీ" అన్నాను.

ఆవిడ చెయ్యెత్తి నా నెత్తి మీద ఒక్కటిచ్చారు. గట్టిగానే ఇచ్చారు. నాకు యాభై నాలుగేళ్లు. మా అమ్మ పోయాక నన్ను కొట్టినవాళ్లు లేరు.

"జెముడు తుంచిన చేత్తో కన్ను నలుపుకుంటావా, గాడిదా! బుద్ధుందా నీకు?" అన్నారు. నిన్నటిదాకా బాబుగారూ, రండి, కూర్చోండి. ఇప్పుడు నువ్వు. తర్వాత కొడుకు వైపు తిరిగారు. "అతిథికి దెబ్బ తగిలితే కంచె తీసేస్తాం. ఇంట్లో పిల్లోడికి తగిలితే పిల్లోడికే ఒకటి తగిలిస్తాం. తగిలించాను. అయిపోయింది. జేసీబీని పంపించెయ్."

కరీముల్లా నోరు తెరుచుకుని చూశాడు. "అదేంటమ్మా! మనలో పాలు తాగితేగా తల్లీబిడ్డల బంధుత్వం? కంట్లో పోస్తే ఎక్కడుంది? మసీదు హజ్రత్ గారినడుగు, నవ్వుతారు. పైగా ఈయన నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద!"

"నవ్వితే నవ్వనీ. నీ పెళ్లాం పాలు ఊరికే పోతాయా?"

లోపలి గదిలో రెహానా నవ్వు వినిపించింది. పాపాయి ఏదో అంది. డ్రైవరు ఇంజను ఆపేసి, కిందికి వంగి మరీ వింటున్నాడు. ఇంజను ఆగగానే కంచెలోంచి గుయ్యిమనే శబ్దం మళ్లీ వినపడింది.

కరీముల్లా నా వైపు తిరిగాడు. అతని ముఖంలో కోపం లేదు, దారి తప్పిన మనిషి అయోమయం ఉంది. నా ముఖంలోనూ అదే ఉండి ఉంటుంది. "మీరు చెప్పండి సార్. మీరు మాకు ఎవరు? అతిథి అంటే చెప్పండి, ఇప్పుడే కొట్టించేస్తా. మీ మాటే ఖాయం."

నాకు తెలిసిన ఏ వావీ వరసా అక్కడ పనికిరాలేదు. పెళ్లీడు కూతురున్న వాణ్ని. ఎదురుగా నా కొడుకు వయసువాడు. సిగ్గు నమిలి మింగాను.

"పీకించొద్దు అబ్బాజాన్" అన్నాను.

డ్రైవరు పడీ పడీ నవ్వాడు. కరీముల్లా నవ్వలేదు. నన్ను చూశాడు, తర్వాత కంచెనూ, తల్లినీ చూశాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అతను గట్టిగా ఊపిరి వదిలి, జేసీబీ వైపు చెయ్యి ఊపాడు.

"వెళ్లిపో బాబూ. మా పెద్దోడు వద్దంటున్నాడు."